మున్సిపాలిటీలో టౌన్ ప్లానర్: పని ఏంటి, ఏం చదవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ పూర్తయిన పిల్లలు, సివిల్ డిప్లొమా చేసి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు, ఇల్లు కట్టుకోవడానికి సిద్ధమవుతున్నవాళ్లు ఎక్కువగా వేసే ప్రశ్నలివి. చెప్పినవన్నీ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పట్టణాల సంగతులే. జీవోలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజుకి ఏది అమల్లో ఉందో ఒకసారి చూసుకోండి.

టౌన్ ప్లానర్ అంటే ఇంటి ప్లాన్ పాస్ చేసే ఆయనేనా?

జనానికి కనిపించేది ఆ ఒక్క పనే. అందుకే "టౌన్ ప్లానింగ్ వాళ్లు" అనగానే పర్మిషన్లు, నోటీసులు, కూల్చివేతలు గుర్తొస్తాయి. అసలు పని అంతకంటే చాలా ముందు మొదలవుతుంది. ఊరు ఏ వైపు పెరగాలి, ఏ రోడ్డు ఎంత వెడల్పు ఉండాలి, వాన నీళ్లు ఏ దారిన పోవాలి, బడికి, పార్కుకి, మార్కెట్‌కి, శ్మశానానికి జాగా ఎక్కడ అన్నది ఇళ్లు లేవకముందే తేల్చిపెట్టాలి. లేచాక రోడ్డు వెడల్పు చేయాలంటే ఎవరిదో ఒకరి గోడ పగలాల్సిందే. ముప్పై ఏళ్ల ముందే గీత గీసి, ఆ గీతను కాపాడుకుంటూ వస్తే ఎవరి గోడా పగలదు.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో చేరిన పన్నెండో షెడ్యూలులో పట్టణ పాలక సంస్థలు చూడదగ్గ అంశాలు 18 ఉన్నాయి. అందులో మొట్టమొదటిది పట్టణ ప్రణాళికే. కానీ మన దగ్గర పెద్ద నిర్ణయాలు ఇప్పటికీ అభివృద్ధి సంస్థల చేతుల్లో, రాజధానిలోని పట్టణ ప్రణాళిక డైరెక్టరేట్ (డీటీసీపీ)లో జరుగుతున్నాయి. మున్సిపాలిటీకి మిగిలింది ఎక్కువగా పర్మిషన్ల పని. ఇది మారాలన్నది నా గట్టి అభిప్రాయం. ఏ వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయో ఆ ఊళ్లో పనిచేసే ప్లానర్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆర్కిటెక్ట్, సివిల్ ఇంజనీరు, ప్లానర్... ముగ్గురూ ఒకటి కాదా?

కాదు. కాంపౌండు గోడ లోపల గదులు, వెలుతురు, గాలి సంగతి ఆర్కిటెక్ట్ చూస్తారు. కట్టింది నిలబడుతుందా లేదా ఇంజనీరు చూస్తారు. గోడ బయట ఉన్నదంతా ప్లానర్ బాధ్యత. చట్టపరంగా కూడా తేడా ఉంది. ఆర్కిటెక్టులకు 1972 నాటి చట్టం, దాని కింద కౌన్సిల్ ఉన్నాయి. ప్లానర్లకు అలాంటి చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. 1951లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్, ఇండియా అనే వృత్తి సంస్థ ఉంది. దాని సభ్యత్వానికి ఉద్యోగాల్లో విలువ ఉంటుంది.

మాస్టర్ ప్లాన్ ఎలా తయారవుతుంది?

ముందు ఊరి బేస్ మ్యాప్ కావాలి. ఉపగ్రహ చిత్రాలు తీసుకుని జీఐఎస్‌లో (కంప్యూటర్ మీద మ్యాపులు, వాటి వివరాలు కలిపి ఉంచే విధానం) గీస్తారు. 2015లో మొదలైన కేంద్ర ప్రభుత్వ అమృత్ పథకం కింద 1:4000 స్కేలులో ఈ మ్యాపులు చేయించారు. అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద 40 మీటర్లు. పెన్సిల్ గీత రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగితే కింద 8 మీటర్లు జరిగినట్టే. ఒక ఇంటి ముందు భాగం మొత్తం అందులో పోతుంది.

తర్వాత దాని మీద రెవెన్యూ గ్రామ నక్షాలు, సర్వే నంబర్లు కూర్చోబెట్టాలి. ఇక్కడే ఎక్కువ తంటా. పాత నక్షాలో ఉన్న హద్దు, చిత్రంలో కనిపించే గట్టు ఒకదాని మీద ఒకటి అచ్చంగా కూర్చోవు. ఆఫీసులో కూర్చుని సర్దేస్తే పదేళ్ల తర్వాత కోర్టులో బయటపడుతుంది. వీఆర్వోనో, సర్వేయర్‌నో, ఆ పొలం రైతునో వెంట పెట్టుకుని గట్టు మీద నిలబడి చూసుకోవాల్సిందే.

ఆపైన భూ వినియోగ సర్వే. ఏ ఇంట్లో కాపురం, ఏ ఇంటి కింద దుకాణం, ఏది గోడౌను అని వీధి వీధీ తిరిగి రాసుకుంటారు. రాబోయే ఇరవై ఏళ్లలో జనాభా ఎంతవుతుందో లెక్క కట్టి, దానికి ఎన్ని ఇళ్లు, ఎంత నీరు, ఎన్ని బడులు కావాలో చూసి, అప్పుడు రంగులు వేస్తారు. నివాసానికి పసుపు, వాణిజ్యానికి నీలం, పరిశ్రమలకు ఊదా, ఆసుపత్రులు, బడుల వంటి వాటికి ఎరుపు, పార్కులకు ఆకుపచ్చ. ముసాయిదాగా ప్రకటించి అభ్యంతరాలు తీసుకుని, విచారించి, ప్రభుత్వ ఆమోదానికి పంపుతారు. హైదరాబాద్ మహానగర ప్రాంతానికి 2031 లక్ష్యంగా తయారైన ప్లాన్‌కి 2013లో ఆమోదం వచ్చింది.

మాస్టర్ ప్లాన్‌లో నా పొలం పరిశ్రమల జోన్‌లో పడింది. పొలం పోయినట్టేనా?

పోయినట్టు కాదు. జోన్ మారినంత మాత్రాన హక్కు మారదు. పట్టా మీదే, సాగు మీదే. అయితే ఆ భూమిలో ఇల్లు కట్టుకోవడానికి, ప్లాట్లు చేయడానికి పర్మిషన్ రాదు. ధర పడిపోతుంది. పిల్ల పెళ్లికో, చదువుకో అర ఎకరం అమ్ముకుందామనుకున్న రైతుకి అది పొలం పోవడం కిందే లెక్క. ప్రతిపాదిత రోడ్డు పొలం మధ్య నుంచి వెళితే ఆ మేర కట్టడం కుదరదు.

కామారెడ్డిలో జరిగింది ఇదే. 2022 చివర్లో పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటికి వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల రైతులు తమ పంట భూములను పరిశ్రమల జోన్‌లో చూపించారని, వంద అడుగుల రోడ్డు తమ పొలాల మీదుగా గీశారని రోడ్డెక్కారు. 2023 జనవరి మొదట్లో కలెక్టరేట్ ముట్టడి దాకా వెళ్లింది. అదే నెలలో పాలకవర్గం ముసాయిదాను వెనక్కి తీసుకుంటూ తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అదే నెలలో అదే కథ.

అక్కడ గీసిన గీతలన్నీ తప్పని నేను అనను. పెరిగే ఊరికి పరిశ్రమల జాగా, పెద్ద రోడ్డు కావాలి. కానీ రంగు వేసే ముందు ఆ ఊళ్లలో కూర్చుని మాట్లాడాల్సింది. ముసాయిదా నోటీసు బోర్డు మీద అంటించి, రెండు పత్రికల్లో ప్రకటన వేయడం చట్టానికి సరిపోతుందేమో, రైతుకి సరిపోదు. తన సర్వే నంబరు ఏ రంగులో ఉందో తెలుగులో రాసిన పట్టిక ఊరి పంచాయతీ ఆఫీసులో పెడితే సగం భయం అక్కడే తీరుతుంది.

మీ నంబరు అలా పడి ఉంటే గడువులోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. గడువు దాటి ప్లాన్ ఆమోదమయ్యాక మిగిలేది భూ వినియోగ మార్పిడి దరఖాస్తు. దానికి ఫీజు, ప్రభుత్వ ఉత్తర్వు, నెలల తరబడి తిరుగుడు.

ఇంటి ప్లాన్ దరఖాస్తు వచ్చాక ప్లానర్ ఏం చూస్తారు?

రెండు వందల గజాల ప్లాటు తీసుకుందాం. ముందు వైపు 30 అడుగులు, లోతు 60. తెలంగాణలో అనుకోండి. ఎదురుగా ఉన్న రోడ్డు నేల మీద 20 అడుగులు, ప్లాన్‌లో మాత్రం 30. అంటే రెండు వైపులా ఐదేసి అడుగులు రోడ్డుకి వదలాలి. ఆ స్థలాన్ని మున్సిపాలిటీకి రాసివ్వాలి కూడా. లోతు 55 అడుగులకు తగ్గింది. సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, లెక్క ఇప్పుడున్న హద్దు నుంచి కాదు, ఆ కొత్త గీత నుంచి మొదలవుతుంది. 2012 నాటి 168 జీవో ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటుకి, 12 మీటర్ల లోపు రోడ్డు మీద, ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. చివరికి ఇంటి ముందు గోడ ఈనాటి హద్దు నుంచి దాదాపు పది అడుగులు లోపలికి వస్తుంది. యజమానికి గుండె కలుక్కుమనేది ఇక్కడే. ప్లాన్ గీసి దరఖాస్తు పెట్టే ఎల్టీపీ (లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు) ముందుగా ఈ మాట చెప్పకపోతే కోపం మొత్తం ప్లానర్ మీదికి మళ్లుతుంది.

కాగితాల్లో సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే పత్రం) చూస్తారు. ప్లాటు ఆమోదిత లేఅవుట్‌లోదా, లేకపోతే ఎల్ఆర్ఎస్ (ఆమోదం లేని లేఅవుట్ ప్లాటును ఫీజుతో క్రమబద్ధం చేసుకునే పథకం) కట్టారా, సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో ఉందా అని సరిచూస్తారు. స్థలం దగ్గరికి వెళ్లినప్పుడు చూడాల్సినవి వేరు. పైన కరెంటు తీగలున్నాయా, పక్కన నాలా ఉందా, డాక్యుమెంటులో రాసిన కొలతలు టేపు పెడితే వస్తున్నాయా. అరవై అడుగులని రాసి ఉన్నచోట టేపు యాభై ఏడు దగ్గర ఆగిపోవడం కొత్తేమీ కాదు. ఏదైనా తక్కువైతే ఆన్‌లైన్‌లో షార్ట్‌ఫాల్ పెడతారు. షార్ట్‌ఫాల్ అన్నీ ఒకేసారి చెప్పాలి. ఒకటి తీర్చాక ఇంకోటి చెప్పడం జనాన్ని తిప్పించుకోవడమే.

స్వీయ ధ్రువీకరణ వచ్చాక ప్లానర్‌తో పనేముంది?

తెలంగాణలో 2020లో ఇంటి పర్మిషన్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్-బీపాస్ వచ్చింది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టుకుంటే పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు అయితే సొంత ధ్రువీకరణతో వెంటనే వస్తుంది. అంతకు మించితే 21 రోజుల గడువు. చిన్న ఇంటివాళ్లకి ఇది నిజంగా పెద్ద ఊరట.

ప్లానర్ పని తగ్గలేదు, జాగా మారింది. ముందు చూసే పని పోయి తర్వాత చూసే పని వచ్చింది. అబద్ధపు ధ్రువీకరణ ఇచ్చి కడితే నోటీసు లేకుండా కూల్చే అధికారం చట్టంలో ఉంది. పునాది దశలోనే వెళ్లి చూడకపోతే, మూడో శ్లాబు పడ్డాక ఆ అధికారం ఎవరికీ ఉపయోగపడదు.

చెరువు పక్కన ఎంత దూరం వదలాలి? దీని మీద ఎందుకంత గొడవ?

168 జీవో లెక్క ఇది: పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు. పది మీటర్ల కంటే వెడల్పైన కాలువ, వాగు, నాలాకి 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండా నిండినప్పుడు నీళ్లు నిలిచే గీత. మే నెలలో ఆ గీత లోపల పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. అక్కడే ప్లాట్లు అమ్ముడవుతాయి.

1908 మూసీ వరదలో హైదరాబాద్ ఎంత నష్టపోయిందో తెలిసిందే. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలు, జంట జలాశయాలు, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. నగర ప్రణాళిక మన దగ్గర వరద దెబ్బకే మొదలైంది. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్ నగర్ బుడమేరు నీళ్లలో రోజుల తరబడి మునిగింది. ఎగువన గండ్లు పడడం ఒక కారణం, నీళ్లు పోయే దారి ఏళ్ల తరబడి ఇరుకైపోవడం మరో కారణం. ఈ రెండో కారణం ప్లానింగ్ వాళ్ల చేతిలోది. నాలా పక్కన రెండు మీటర్లు వదలమని పట్టుబట్టే ప్లానర్‌ను జనం తిట్టుకుంటారు. ఆ రెండు మీటర్లూ కాపాడాల్సింది మాత్రం వాళ్లనే.

గ్రామ పంచాయతీ లేఅవుట్‌లో ప్లాటు చవగ్గా వస్తోంది. కొనొచ్చా?

సర్పంచ్ సంతకంతో లేఅవుట్‌కి ఆమోదం రాదు. డీటీసీపీ గానీ, ఆ ప్రాంత అభివృద్ధి సంస్థ గానీ ఇవ్వాలి. ఆమోదిత లేఅవుట్‌లో పది శాతం స్థలం ఖాళీగా, పార్కు కోసం, వదలాలి. అది వదలని లేఅవుట్‌లో ప్లాటు కొన్నవాళ్లు తెలంగాణలో ఎల్ఆర్ఎస్ కింద ఆ లోటుకి ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాల్సి వచ్చింది. చవక అనుకున్నది అక్కడే తేలిపోతుంది. వెంచర్ 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది యూనిట్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి.

అక్రమ కట్టడాలు అందరికీ కనిపిస్తుంటాయి. ప్లానర్‌కి కనిపించవా?

కనిపిస్తాయి. శుక్రవారం సాయంత్రం సెంట్రింగ్ మొదలై, ఆదివారానికి శ్లాబు పడిపోతుంది. వరుస సెలవులొస్తే ఇంకా తేలిక. సోమవారం నోటీసు ఇస్తే మంగళవారం ఫోన్లు, తర్వాత కోర్టు స్టే. ఒక్క సెక్షన్ ఆఫీసర్ కింద నలుగురైదుగురు పనివాళ్లు, వాళ్లు చూడాల్సిన వార్డులు బోలెడు.

లంచం సంగతి దాచడం అనవసరం. ఏసీబీ వలలో చిక్కినవాళ్ల వార్తల్లో ఈ విభాగం పేరు తరచుగా వస్తుంది. ఈ ఉద్యోగంలోకి రాబోయేవాళ్లు మొదటి రోజే ఒక అలవాటు చేసుకోవాలి: నోటి మాట మీద ఏ ఫైలూ కదపకూడదు. ఎవరు ఏం చెప్పినా నోట్ ఫైల్‌లో తేదీతో రాయాలి, స్థలం ఫోటో కట్టడం ఏ దశలో ఉందో తెలిసేలా తీసి జత చేయాలి. పదిహేనేళ్ల తర్వాత విచారణ వస్తే మనల్ని నిలబెట్టేది ఆ రాత ఒక్కటే.

ప్లానర్ కావాలంటే ఇంటర్ తర్వాత ఏం చదవాలి?

బి.ప్లానింగ్, నాలుగేళ్ల కోర్సు. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. దీనికి ఎంపీసీనే కావాలని లేదు, ఇంటర్‌లో గణితం ఉంటే చాలు. అంటే ఎంఈసీ పిల్లలూ అర్హులే. జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బి రాయాలి. అందులో గణితం, ఆప్టిట్యూడ్, ప్లానింగ్ ప్రశ్నలు వస్తాయి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008లో మొదలైంది. ఇలాంటి కేంద్ర సంస్థలు ఢిల్లీ, భోపాల్‌లో కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ప్లానింగ్ డిగ్రీ, పీజీ రెండూ ఉన్నాయి.

నాది వేరే డిగ్రీ. ఇప్పుడు ఈ దారిలోకి రావచ్చా?

రావచ్చు. ఎం.ప్లానింగ్ రెండేళ్లు. బి.ప్లానింగ్, బి.ఆర్క్, సివిల్ బీటెక్ చేసినవాళ్లకి నేరుగా అర్హత ఉంటుంది. చాలా సంస్థలు భూగోళం, ఆర్థికశాస్త్రం, సామాజికశాస్త్రంలో పీజీ చేసినవాళ్లనీ తీసుకుంటాయి. గేట్ (పీజీ ప్రవేశాలకు పెట్టే జాతీయ పరీక్ష) స్కోరు ఉంటే మంచి సంస్థలో సీటు, స్టైపెండు దొరుకుతాయి. భూగోళం చదివినవాళ్లు ఈ రంగంలో బాగా రాణిస్తారని నా నమ్మకం. నేలను చదవడం వాళ్లకు ముందే వచ్చు.

సివిల్ డిప్లొమాతో ఉద్యోగం వస్తుందా?

వస్తుంది. తెలంగాణలో టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ పోస్టుకి సివిల్ డిప్లొమా గానీ, ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్‌షిప్ డిప్లొమా గానీ సరిపోతుంది. 2022లో ఇలాంటివి 175 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన వార్డు సచివాలయాల్లో వార్డు ప్లానింగ్, రెగ్యులేషన్ కార్యదర్శి పోస్టుకీ దాదాపు ఇవే అర్హతలు. ప్రొబేషన్‌లో నెలకి 15,000 రూపాయలే ఇచ్చారు. ఆ జీతంతో ఊరి రోడ్డు గీతలు కాపాడమనడం న్యాయం కాదు.

ఆ పైన పదోన్నతులు ఎలా ఉంటాయి?

ఓవర్సీర్, సూపర్‌వైజర్, టౌన్ ప్లానింగ్ ఆఫీసర్, అసిస్టెంట్ సిటీ ప్లానర్, డిప్యూటీ సిటీ ప్లానర్, సిటీ ప్లానర్, పెద్ద నగరాల్లో చీఫ్ సిటీ ప్లానర్. డైరెక్టరేట్ వైపు వరుస వేరు. అభివృద్ధి సంస్థల్లో ప్లానింగ్ ఆఫీసర్ పోస్టులుంటాయి.

కాలేజీలో నేర్పనివి ఏం నేర్చుకోవాలి?

జీఐఎస్ తప్పనిసరి, అది కాలేజీలోనే వస్తుంది. రానివి ఇవి: పహాణీ, అడంగల్, టీపన్ లాంటి భూమి రికార్డులు చదవడం. గ్రామకంఠం, శిఖం, పోరంబోకు, అసైన్డ్ భూమికి తేడా. జీవోలో "లోపు", "వరకు" అన్న ముక్కల దగ్గర ఆగి చదవడం. అన్నిటికంటే ముఖ్యం తెలుగులో స్పష్టంగా మాట్లాడటం. ఎఫ్ఎస్ఐ, జోనల్ రెగ్యులేషన్ అని ఇంగ్లిష్‌లో పాఠం చెప్తే ఎదుట ఉన్న ముసలాయనకి ఏమీ ఎక్కదు. "తాతా, నీ స్థలంలో ఈ గీత దాకా రోడ్డు వస్తుంది, ఇక్కడ్నుంచి కట్టుకో" అని స్థలం మీద సున్నంతో గీసి చూపిస్తే ఎక్కుతుంది.

ప్రభుత్వ ఉద్యోగం రాకపోతే?

మాస్టర్ ప్లాన్లు చేసే కన్సల్టెన్సీలు, రవాణా సర్వేలు, జీఐఎస్ కంపెనీలు, రియల్ ఎస్టేట్ సంస్థల ప్లానింగ్ విభాగాలు ఉన్నాయి. అమరావతి వంటి పనులు ప్లానర్లకు ఒక బడి. రాజధాని నగరానికి అనుకున్న 217 చదరపు కిలోమీటర్లలో రైతుల దగ్గర భూమి సమీకరించి, మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, నీటి వసతి ఉన్న జరీబు భూమికి 1,000, 450 చొప్పున తిరిగి ప్లాట్లు ఇవ్వాలన్నది పథకం. వేల మంది రైతులకి ఏ ప్లాటు ఎక్కడ అన్నది నక్షా మీద కుదర్చడం ఎంత ఓపిక పనో ఆ లేఅవుట్ షీట్లు చూస్తే అర్థమవుతుంది.

దేశంలో ప్లానర్లు సరిపడా ఉన్నారా?

లేరు. 2021లో నీతి ఆయోగ్ నివేదిక ప్రకారం రాష్ట్రాల ప్లానింగ్ శాఖల్లో 12,000కు పైగా ప్లానర్ పోస్టులు అవసరం. మంజూరైనవి నాలుగు వేల లోపు. వాటిలోనూ 42 శాతం ఖాళీ. దేశంలోని 7,933 పట్టణ ప్రాంతాల్లో 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదు. చదివినవాళ్లు లేక కాదు, సరిపడా పోస్టులు లేక, ఉన్నవీ నింపక. కొన్నిచోట్ల ప్లానర్ పోస్టుకి ప్లానింగ్ డిగ్రీ అవసరమే లేదు. ఈ మాట మన ఎమ్మెల్యేలని, మున్సిపల్ ఛైర్మన్లని గట్టిగా అడగాలి.

మామూలు మనిషి టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కి వెళ్లి ఏం అడగొచ్చు?

స్థలం కొనేముందు, సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో భూ వినియోగ ధ్రువపత్రం అడగండి. మీ వీధి ప్లాన్‌లో ఎంత వెడల్పు ఉందో అడగండి. పక్కింటి బిల్డింగ్‌కి ఎన్ని అంతస్తులకి పర్మిషన్ ఉందో సమాచార హక్కు కింద అడగండి. మీ లేఅవుట్‌లో పార్కు స్థలాన్ని మున్సిపాలిటీకి రాసిచ్చారా లేదా, ఆ గిఫ్ట్ డీడ్ నంబరు ఎంతో అడగండి. రాసివ్వని పార్కులే ముందు మాయమవుతాయి. ఏది అడిగినా కాగితం మీద ఇచ్చి, రెండో ప్రతి మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ వేయించుకుని మరీ రండి.